కాగితం రెండో వైపు

మేడమీది గది
సోమవారం పొద్దున్న

చిరంజీవి జడ్జిగారికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నువ్వు పంపిన గోడపత్రిక చదివి, మడిచి, కళ్ళజోడు పెట్టె కింద పెట్టి, మూడు రోజులు దాని మొహం చూడలేదు. పదహారేళ్ళ పిల్లలు లోకాన్ని సరిచేస్తామని బయల్దేరితే డెబ్బై ఎనిమిదేళ్ళవాడు మధ్యలో వేలు పెట్టడం దేనికి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నాలుగో రోజున మాత్రం చెయ్యి దానంతటదే ఎర్ర కలం తీసింది. నలభై ఒక్క ఏళ్ళు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దిన చెయ్యి. నా మాట వినే అలవాటు దానికెప్పుడూ లేదు.

దిద్దిన కాపీ ఇందులోనే పెట్టాను. పందొమ్మిది తప్పులు. ఎర్ర గీత కొట్టి పక్కన తోక తిప్పిన గుర్తు ఉన్నచోట 'తీసెయ్యి' అని అర్థం. 'నిష్పక్షపాతం' అనే మాట మీ నాలుగు పేజీల్లో పదకొండుసార్లు వచ్చింది. అన్ని చోట్లా ఆ గుర్తే పెట్టాను. అది ఎక్కువసార్లు అనేవాడి మీద అనుమానం వస్తుంది.

ఇక మీ అభిప్రాయాలు. మీరు ముప్పై రోజుల పేపర్లు ముందేసుకుని స్కేలుతో కొలిచారు. ఫ్యాక్టరీల వార్తల్లో యజమానుల మాటలకు రెండు వందల పన్నెండు అంగుళాల చోటు, పనివాళ్ళ మాటలకు తొమ్మిది. లెక్క బాగుంది. చనిపోయిన మగవాడు 'ఇంజనీరు', చనిపోయిన ఆడమనిషి 'ఇద్దరు పిల్లల తల్లి' అన్నారు. అదీ నిజమే. ఆ 'ఇద్దరు పిల్లల తల్లి' ఎన్నిసార్లు నా బల్లమీదుగా వెళ్ళిందో. అందులో అక్షరదోషం ఉందా అని చూశాను తప్ప ఆవిడేం పని చేసేదని అడగలేదు. ప్రూఫ్ రీడరుకి జీతమిచ్చేది అక్షరాలు చూడటానికి. వార్త చూడటానికి వేరేవాళ్ళున్నారు.

మాదగ్గర ఒక కంపోజిటరు ఉండేవాడు. అచ్చక్షరాలు పేర్చేవాళ్ళు అన్నీ తిరగేసి చదవాలి కదా. అలా ముప్పై ఏళ్ళు చదివీ చదివీ, ఇంట్లో మామూలు పేపరు చదవాలంటే అద్దం ముందు పెట్టుకునేవాడు. "ఎటునుంచి చదివినా ఒకటేనండీ, అర్థం కాకపోవడంలో తేడా ఏం లేదు" అనేవాడు. మీ పత్రిక అతనికి చూపిస్తే బాగుండేది. పోయాడు.

మీ నాన్న నాకు మళ్ళీ ఫోన్ కొనిచ్చాడు. ఏ చెవికి పెట్టుకున్నా ఒకటే. రెండూ ప్రింటింగు మిషన్ల పక్కనే పోయాయి. మీ హాస్టల్లో ఎలాగూ ఫోన్లు ఉండనివ్వరు. ఆ విధంగా మనిద్దరం సమానమయ్యాం. సమానత్వం మీకు ఇష్టం కదా.

కాగితం ఇంత పొడుగేమిటని నీ స్నేహితులు నవ్వితే చెప్పు. ఇవి గేలీ ప్రూఫులు. పేజీ కట్టేముందు, పేర్చిన అచ్చుకి సిరా పూసి తప్పులు చూడటానికి తీసే కాగితాలు. ఒకవైపే అచ్చు ఉంటుంది. రిటైరైనప్పుడు నాలుగు కట్టలు తెచ్చుకున్నాను. నల్లవైపు లోకానిది, తెల్లవైపు నాది.

మీ తాత


హాస్టలు, రెండో అంతస్తు
ఆదివారం, ఉత్తరాల గంట

తాతయ్యా,

పందొమ్మిది కాదు, పదిహేడు. రెండుచోట్ల నువ్వే పొరబడ్డావు. తీర్పు ఇదే, అప్పీలు లేదు. (అన్నయ్యల బొంగరం తగాదాలో బొంగరం జేబులో వేసుకుని తీర్పు చెప్పానని నన్ను ఇంకా జడ్జిగారూ అంటూనే ఉన్నావు. అప్పుడు నాకు ఐదేళ్ళు. ఇప్పుడైతే బొంగరం తిరిగి ఇచ్చేస్తాను, కానీ తీర్పు మాత్రం చెబుతాను.)

నీ ఉత్తరాలకి ఇక్కడ అభిమానులున్నారు. ముందువైపుకి కాదు, వెనకవైపుకి. పోయినసారి కాగితం వెనక వంతెన ప్రారంభోత్సవం ఉంది. అందులో మంత్రి గారి పేరు ఆరుసార్లు వచ్చింది, వంతెన పేరు ఒక్కసారి. మంచాల మీద కూర్చుని గట్టిగా చదువుకుని నవ్వుకున్నాం.

'నిష్పక్షపాతం' గురించి నువ్వన్నది ఒప్పుకుంటున్నాను. అసలు నా ఉద్దేశంలో అదే పెద్ద మోసం. తన్నినవాడికి నాలుగు లైన్లు, తన్నులు తిన్నవాడికి నాలుగు లైన్లు ఇచ్చి, 'చూడండి, ఇద్దరికీ సమానంగా ఇచ్చాం' అంటే ఎలా? టీవీ అయితే ఇంకా నయం, ఎనిమిది కిటికీల్లో ఎనిమిది మంది అరుస్తారు, ఎవరూ ఎవరి మాటా వినరు, అది అబద్ధమని చూడగానే తెలిసిపోతుంది. అచ్చులో ఉన్నది అలా కాదు. నెమ్మదిగా, మర్యాదగా ఉంటుంది. నమ్మేస్తాం. ఆడపిల్ల మీద దాడి జరిగితే ఆ పిల్ల ఎన్నింటికి బయటికెళ్ళిందో రాస్తారు. చేసినవాడు ఎన్నింటికి బయటికెళ్ళాడో రాయరు. నేనిది మాట్లాడితే మా లెక్కల సారు "నువ్వు పెద్దయ్యాక నాయకురాలివి అవుతావు" అన్నారు. అంటే ఇప్పటికి నోర్మూసుకో అని.

'నాకు జీతమిచ్చేది అక్షరాలు చూడటానికి' అన్నావు. నువ్వు కాబట్టి ఊరుకుంటున్నాను. వేరేవాళ్ళయితే దీని మీదే ఒక సంచిక వేసేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. నా స్నేహితురాలిని స్కేలు అంటాం. అంగుళాలు కొలిచింది అదే. వచ్చే సంచికలో పాత వార్త ఒకటి తీసుకుందామంది. లైబ్రరీ మేడమ్ మమ్మల్ని ఊళ్ళోని పెద్ద లైబ్రరీకి తీసుకెళ్ళారు. అక్కడ మీ పత్రిక పాత సంపుటాలు ఉన్నాయి. ముప్పై ఆరేళ్ళ కిందట బట్టలు కుట్టే షెడ్డులో మంటలు లేచి నలుగురు పోయారు. మీ పత్రిక హెడ్డింగ్: 'టీ పొయ్యి నిర్లక్ష్యం — షెడ్డులో నలుగురి మృతి'. అక్కడ టీ చేసి పెట్టే ఒక మహిళ పొయ్యి ఆర్పకుండా వెళ్ళడంవల్ల అంటుకుందని రాశారు. అంతా ఆవిడ తప్పే. కానీ ఆ షెడ్డు వెనక తలుపుకి బయటినుంచి తాళం వేసి ఉందని చెప్పేవాళ్ళు ఒకరు ఉన్నారు. పేపర్లో ఆ మాటే లేదు.

అప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు కదా? ఆ వార్త నీ చేతిమీదుగానే వెళ్ళి ఉండాలి. తాళం సంగతి నీకేమైనా తెలుసా?

నీ జడ్జి


మేడమీది గది
గురువారం

చి. జడ్జిగారికి,

పదిహేడే. చూశాను. వయసైపోయింది, తప్పులు లేనిచోట కూడా కనిపిస్తున్నాయి.

ఇక్కడ వానలు. కింద సైకిల్ షాపువాడు దుకాణం మూసి మెట్లమీద కూర్చుని నాతో కబుర్లు చెబుతున్నాడు. నాకు వినపడదు, తల ఊపుతాను. నిన్న అలా తల ఊపి ఒక పాత సైకిలు కొన్నానట. ఇవాళ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. వెనక్కి తీసుకోమంటే "మాటంటే మాటేనండీ" అంటున్నాడు. ఏ మాటో నాకేం తెలుసు?

పూర్వం మా ఆఫీసులో కూడా ఇలాంటిదే జరిగింది. ఒక సబ్ ఎడిటరు ఉండేవాడు, మహా మర్యాదస్తుడు. ఎవరు ఏం చెప్పినా "అలాగే" అనేవాడు. ఒకరోజు ఒకే వార్తని ఇద్దరు వచ్చి రెండు రకాలుగా వేయమన్నారు. ఇద్దరికీ అలాగే అన్నాడు. మర్నాడు పేపర్లో ఆ వార్త రెండుచోట్ల వచ్చింది, రెండు రకాలుగా. ఒక్కరు కూడా ఉత్తరం రాయలేదు. పాఠకులు చదువుతారనేది కూడా ఒక అపోహే అని ఆయన తర్వాత అంటుండేవాడు. ఆయనకి చదరంగం పిచ్చి. తనతో తనే ఆడుకునేవాడు, ఓడిపోయినప్పుడు మాత్రం మాతో మాట్లాడేవాడు కాదు.

నువ్వు ఏదో మంటల సంగతి అడిగావు. ముప్పై ఆరేళ్ళంటే మాటలా? రోజుకి నలభై గేలీలు చూసేవాణ్ణి. ఏడాదికెన్నో, మొత్తం ఎన్నో లెక్క కట్టుకో. నాకు గుర్తులేదు. నిజంగా గుర్తులేదు. పాత సంపుటాల్లో దుమ్ము తప్ప ఏమీ ఉండదు. మీకు ఇవాళ్టి పేపర్లున్నాయి, ఇవాళ్టి టీవీలున్నాయి, కొలుచుకోవడానికి కావలసినంత ఉంది. చచ్చిపోయినవాళ్ళని, ముసలివాళ్ళని వదిలెయ్యండి.

సైకిలు ఎర్రది. బెల్లు మోగుతుందట.

మీ తాత


హాస్టలు
ఆదివారం

ప్రూఫ్ రీడర్ గారికి,

మీ ఉత్తరం అందింది. మూడు కాగితాలు. మూడోదాని మీద మీరు 'నాకు గుర్తులేదు. నిజంగా గుర్తులేదు' అని రాశారు. ఆ కాగితం వెనక ఏముందో మీరు చూసుకోలేదు.

అలవాటు ప్రకారం స్కేలు మంచం మీద నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నాలుగు లైన్లు చదివి ఆపేసింది. మిగతాది నేను చదివాను. 'టీ పొయ్యి నిర్లక్ష్యం.' తేదీ అదే. పేపర్లో వచ్చిన వార్తే. కానీ ఇందులో మూడు లైన్లు ఎక్కువ ఉన్నాయి. అవి ఇక్కడ రాస్తున్నాను, మీకు గుర్తులేదు కాబట్టి:

'షెడ్డు వెనక తలుపుకు బయటి నుంచి తాళం వేసి ఉన్నదని, ఆ తాళం తీయించమని టీ చేసే మహిళే వారం రోజులుగా మేనేజరును అడుగుతున్నదని, బతికి బయటపడినవారు తెలిపారు.'

వాటిమీద ఎర్ర గీత ఉంది. పక్కన తోక తిప్పిన గుర్తు.

నా ఉత్తరం చదివి ఆ కాగితం వెతికి తీసుకుని ఉంటారు. చూసి, బల్లమీద పెట్టి, గుర్తులేదని రాయడానికి దాన్నే తీసుకున్నారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగింది.

మేం ఆ కాగితాన్ని నకలు తీసి గోడపత్రికలో పెట్టాం. ఒక్క పూట ఉంది. మధ్యాహ్నానికి బోర్డు అద్దం తలుపుకి తాళం వేశారు. ఆ పత్రికవాళ్ళు ఏటా మా స్కూల్లో వ్యాసరచన పోటీ పెట్టి కప్పు ఇస్తారు. ప్రిన్సిపాల్ గారు "ఎక్కడో దొరికిన చిత్తుకాగితం రుజువు అవదు" అన్నారు. పదిహేనో తారీఖు లోపల సరైన రుజువు చూపించాలి. లేకపోతే అసెంబ్లీలో అందరి ముందూ ఆ పత్రికకి క్షమాపణ చదవాలి. సంపాదకురాలిని నేను, కానీ ఆ వార్త కింద పేరు స్కేలుది. చదవాల్సింది తనే. మమ్మల్ని లైబ్రరీకి తీసుకెళ్ళినందుకు లైబ్రరీ మేడమ్‌కి మెమో ఇచ్చారు.

మీకు ఆరోగ్యం ఎలా ఉంది?

ఇట్లు
సంపాదకురాలు


(కార్డు)

బుధవారం

ఆ కాగితం పొరపాటున వచ్చింది. ఆఫీసు సొత్తు. వెంటనే తిప్పి పంపు. నకలు కూడా.

తాత


హాస్టలు
శనివారం
(లైబ్రరీ మేడమ్ బయట పోస్టు చేస్తున్నారు)

తాతయ్యా,

పంపను.

నీ దగ్గర ఒక సంగతి దాచాను. నువ్వు దాచినదానికంటే చిన్నదే, అయినా చెప్పాలి. తాళం వేసి ఉందని చెప్పేవాళ్ళు ఒకరున్నారని రాశాను కదా. ఆ టీ చేసే మహిళే. స్కేలు వాళ్ళ అమ్మమ్మ.

నేను ముందే చెబితే నువ్వు జాలిపడి ఏదో ఒకటి చెబుతావనుకున్నాను. అలా వద్దు, నిజం కావాలి అనుకున్నాను. పెద్ద జర్నలిస్టులా ఫీలయ్యాను.

ఆవిడ ఆ తర్వాత ఎక్కడా పని చేయలేదట. ఎవరూ పెట్టుకోలేదు. ఊరు మారారు. కొత్త ఊళ్ళో కూడా ఎవరో ఆ పేపరు ముక్క పట్టుకొచ్చారు. స్కేలు వాళ్ళమ్మ స్కూల్లో చదివేటప్పుడు పిల్లలు 'అగ్గిపుల్లా' అని పిలిచేవారు. ఇంట్లో టీ మగవాళ్ళే పెట్టుకుంటారు, అమ్మమ్మ పొయ్యి దగ్గరికి రాదు. ఎందుకో స్కేలుకి పన్నెండేళ్ళొచ్చేదాకా చెప్పలేదు. అందుకే తను కొలుస్తుంది, తాతయ్యా. మాకు అది సరదా. తనకి కాదు.

ఇప్పుడు తను ఆ పత్రికకి క్షమాపణ చదవాలి. చదవనంటోంది. చదవకపోతే హాస్టల్లోంచి పంపించేస్తారు. తనకి ఇక్కడ ఉచిత సీటు. ఇది పోతే చదువు ఆగిపోతుంది. నిన్నటినుంచి పెట్టె సర్దుతోంది, మళ్ళీ తీస్తోంది.

ప్రిన్సిపాల్ గారిని మళ్ళీ కలిశాం. ఆ రోజుల్లో ప్రెస్సులో పనిచేసినవాళ్ళు ఎవరైనా సంతకం పెట్టి రాసిస్తే ఒప్పుకుంటామన్నారు.

ఆ ఎర్ర గుర్తు నీదేనని నాకు తెలుసు. మా పత్రిక నిండా అదే ఉంది. కానీ నీ అంతట నువ్వు తీసి ఉండవు. ఫ్యాక్టరీ యజమాని ఫోన్ చేశాడా? ఎడిటర్ చెప్పాడా? మా సంచికకి హెడ్డింగ్ కూడా పెట్టేశాం: 'యాజమాన్యాల కుట్ర'. నీ చేత తీయించింది ఎవరో ఒక్క పేరు చెప్పు చాలు. ఉద్యోగం పోతుందని భయపడ్డావని రాసినా ఎవరూ నిన్ను తప్పుపట్టరు. నేను పట్టను.

పదిహేను అంటే వచ్చే శుక్రవారం.

నీ మనవరాలు


మేడమీది గది
మంగళవారం, పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం ముగించాను

తల్లీ,

ఈ ఉత్తరాన్ని సైకిల్ షాపువాడి తమ్ముడు బస్సులో తెచ్చి నీ చేతికే ఇస్తాడు. పోస్టును నమ్ముకునే వ్యవధి లేదు.

నువ్వు అడిగిన ప్రశ్నలోనే నేను తప్పించుకునే దారి కూడా పెట్టావు. 'ఎవరు తీయించారో ఒక్క పేరు చెప్పు' అన్నావు. పేరు ఉంది. మా ఫోర్‌మన్. పోయి పదకొండేళ్ళయింది. అతని మీద పెట్టేస్తే కాదనేవాడు లేడు. నిన్న రెండు పూటలా ఆ ఆలోచనతోనే భోంచేశాను. అన్నం బాగానే దిగింది. అది చూసే భయం వేసింది.

జరిగింది ఇది.

సాయంత్రం ఆరున్నర. పేజీ కట్టే వేళ. ఆ వార్త మొదటి పేజీలో కుడివైపు అడుగున రావాలి. దాని కింద ప్రకటన ఉంది, అది కదలదు. వార్త మూడు లైన్లు ఎక్కువైంది. అప్పట్లో అచ్చు అంటే సీసం, తల్లీ. రబ్బరులా లాగడానికి, నొక్కడానికి కుదరదు. పట్టకపోతే పట్టదు. ఫోర్‌మన్ కేకేశాడు. "మూడు లైన్లు తీసిపారెయ్ బాబూ, మిషను ఆగిపోయింది!" సబ్ ఎడిటరు టీకి వెళ్ళాడు. ఆయన కోసం చూడాలి. అది పద్ధతి. ప్రూఫ్ రీడరు అక్షరం దిద్దవచ్చు కానీ లైను తీయకూడదు. అయినా అందరం తీసేవాళ్ళం. అదీ పద్ధతే.

ఏ మూడు లైన్లో ఫోర్‌మన్ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. యజమాని ఫోన్ చేయలేదు. ఎడిటర్ గారికి ఆ వార్త వస్తోందని కూడా తెలుసో లేదో. నేనొక్కణ్ణే, చేతిలో ఎర్ర కలం.

పైనుంచి చదివాను. మొదటి లైన్లలో పోలీసు అధికారి పేరు. అది తీస్తే పొద్దున్నే ఫోన్ వస్తుంది. తర్వాత ఫైర్ ఆఫీసరు, ఎన్ని బండ్లు వచ్చాయో. తీస్తే ఆయన చేస్తాడు. తర్వాత యజమాని విచారం. ఆయన తప్పకుండా చేస్తాడు. తర్వాత ఒక నాయకుడి సంతాపం. ఆయన మనిషినే పంపుతాడు. చివరికి ఈ మూడు లైన్లు. బతికి బయటపడినవారు. వాళ్ళకి ఫోన్ లేదు.

గీత కొట్టాను. తోక తిప్పాను. అర నిమిషం పట్టి ఉంటుంది.

తప్పు చేస్తున్నానని తెలిసి చేయలేదు. నీకు అదే చెప్పాలని ఇంత రాస్తున్నాను. భయపడి కూడా చేయలేదు. భయపడి ఉంటే ఇవాళ నామీద నాకే కొంచెం జాలి కలిగేది. వార్త పేజీలో పట్టిందని సంతోషించాను. ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాను. మర్నాడు పేపర్లో చదివినప్పుడు తెలిసింది. ఆ లైన్లు ఉన్నప్పుడు అది తాళం వార్త. లేకపోతే టీ వార్త. నిప్పు ఎక్కడ పుట్టిందో నాకిప్పటికీ తెలియదు, ఆవిడ పొయ్యిలోనే పుట్టిందేమో. కానీ ఆ నలుగురు పోయింది నిప్పువల్ల కాదు.

మర్నాడైనా సవరణ వేయమని అడగవచ్చు. అడిగితే, ప్రూఫ్ రీడరు లైన్లు తీస్తున్నాడన్న సంగతి బయటపడుతుంది. నాతోపాటు ఇంకో నలుగురికి తలనొప్పి. ఎల్లుండి చూద్దామనుకున్నాను. ఎల్లుండికి వేరే వార్తలొచ్చాయి.

దిద్దిన గేలీలు ఏడాది ఉంచి చించేస్తారు. ఈ ఒక్కదాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ధైర్యం ఉంటే బయటపెట్టేవాణ్ణి. సిగ్గు లేకపోతే చించేసేవాణ్ణి. రెండూ సగం సగమే ఉన్నాయి కాబట్టి పెట్టెలో అడుగున పెట్టాను. నీ ఉత్తరం వచ్చాక తీసి చూసుకున్నాను. మళ్ళీ లోపల పెట్టాననే అనుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళు ప్రతి కాగితం రెండువైపులా చూశాను. ఆ రోజు చూడలేదు.

మీ అంగుళాల లెక్క తప్పని చెప్పను. హెడ్డింగ్ మాత్రం తప్పు. కుట్ర కాదు. కుట్ర చేయాలంటే కనీసం ఇద్దరు ఉండాలి.

ప్రిన్సిపాల్ గారికి ఇవ్వాల్సింది వేరే కాగితం మీద రాశాను. ఇంతే ఉంది:

'ఫలానా తేదీ గేలీ ప్రూఫు అసలైనది. అందులోని మూడు లైన్లను వార్త చోటులో పట్టనందున ఎవరూ చెప్పకుండా నేనే తీసివేశాను. ఆ లైన్లలో ఉన్నది విలేఖరి రాసిన వార్తే. వాటిని తీసివేయడంవల్ల టీ చేసే మహిళ మీద నింద పడింది. అవసరమైతే ఎక్కడికైనా వచ్చి ఇదే చెబుతాను.'

కింద పూర్తి పేరు, చిరునామా, సంతకం ఉన్నాయి. జీవితంలో పొట్టి సంతకాలు లక్షలు పెట్టాను. పూర్తి సంతకం అక్షరం అక్షరం కూడబలుక్కుని పెట్టాను. అది నాదేనని చెప్పు.

తాత


హాస్టలు
ఆదివారం, ఉత్తరాల గంట

తాతయ్యా,

పోయిన ఆదివారం రాయలేకపోయాను. ప్రిన్సిపాల్ గారు నీ కాగితం రెండుసార్లు చదివారు. "మీ తాతగారు బతికే ఉన్నారా?" అని అడిగారు. ఉన్నారన్నాను. "ఉండీ రాశారా?" అన్నారు.

క్షమాపణ చదవక్కర్లేదన్నారు. నీ ఉత్తరాన్ని అసెంబ్లీలో చదవడానికి కూడా ఒప్పుకోలేదు. స్కేలు సీటుకి ఏమీ కాదు. బోర్డు తాళం తీశారు. మేడమ్‌కి ఇచ్చిన మెమో వెనక్కి తీసుకున్నారు, కానీ ఇకమీద మమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్ళకూడదట. పత్రికవాళ్ళు వ్యాసరచన పోటీ ఈ ఏడాది వేరే స్కూల్లో పెట్టుకుంటున్నారు. పత్రికకి ఉత్తరం రాశాం. పరిశీలిస్తామని కార్డు వచ్చింది. కార్డు మీద మా పత్రిక పేరు తప్పు రాశారు.

హెడ్డింగ్ తీసేశాం. కొత్తది ఏం పెట్టాలో రెండు రోజులు కొట్టుకున్నాం. చివరికి హెడ్డింగ్ లేకుండా వేశాం. ఒకవైపు గేలీ నకలు, ఒకవైపు నీ కాగితం. రెంటికీ సమానంగా చోటు. స్కేలే కొలిచి అంటించింది.

ఎవరో చెబితే తీశావని ఉంటే నాకు సుఖంగా ఉండేది. కుట్ర అయితే ఎదిరించవచ్చు, నినాదాలు కూడా ఉంటాయి. నువ్వు చేసినదానికి ఏం నినాదం ఇవ్వాలి? నిన్న తర్వాతి సంచికలో ఒక పేజీలో అంతా పట్టలేదు. ఏదైనా తీసెయ్యమన్నాను. హాస్టల్ వంటమనిషి చెప్పిన నాలుగు మాటలు ఉన్నాయి, నా చెయ్యి ముందు వాటి మీదికే వెళ్ళింది. ఆగాను. నా సంపాదకీయం తీసేశాను. ఏడుపొచ్చింది, బాగా రాశాను.

నిన్ను క్షమించడం నా పని కాదు. కాబట్టి ఆ సంగతి రాయను. స్కేలు ఇంటికి వెళ్ళొచ్చింది. వాళ్ళ అమ్మమ్మ నిన్ను చూస్తానందట. వచ్చే శనివారం. మీ ఊరినుంచి బస్సులో గంట. చిరునామా వెనక రాశాను. అసలు గేలీ ఇందులో పెడుతున్నాను. ఆవిడకి ఇవ్వు.

నీకు చెవులు వినపడవని వాళ్ళకి ముందే చెప్పాను. గట్టిగా మాట్లాడతారు.

జడ్జి


మేడమీది గది
ఆదివారం

జడ్జిగారికి,

ఇది కొత్త లెటర్‌ప్యాడు. వెనక ఏమీ లేదు. చూశాను.

నిన్న వెళ్ళాను. వాన పడుతూ ఆగుతూ ఉంది, గొడుగున్నా తడిశాను. వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రెండో అంతస్తులో ఆగి కాసేపు కూర్చున్నాను. ఆయాసం అని చెప్పుకున్నాను.

ఆవిడ నీ అంతే పొడుగు. తలుపు తీసి పైనుంచి కిందికి చూసి, "మీరేనా ఎర్ర సిరా ఆయన?" అంది. అంత గట్టిగా చెప్పక్కర్లేదు, పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. నేనేనన్నాను. "రండి, కూర్చోండి. తడిసిపోయారు" అంది.

గేలీ ఇచ్చాను. అక్షరాలు కనపడవు, చదవమంది. చదివాను.

"ఇంతేనా?" అంది.

"ఇంతే. మూడు లైన్లు."

"ఇంకా పెద్దదేమో అనుకున్నాను."

ఇంకోసారి చదవమంది. చదివాను. నేను ఇంట్లో తయారుచేసుకు వెళ్ళిన మాటలు కొన్ని ఉన్నాయి. మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"అవి మనవరాలు చదివి వినిపించింది లెండి. ఇందులో తప్పుంది. వారం అని ఉంది. వారం కాదు, నెల రోజులు అడిగాను. రోజూ పొద్దున్న అడిగేదాన్ని. ఆ మేనేజరు 'నీకెందుకే తాళం సంగతి, నీ గ్లాసులు నువ్వు చూసుకో' అనేవాడు."

విలేఖరి తప్పు రాసుకున్నాడో, చెప్పినవాళ్ళు తప్పు చెప్పారో. నా జేబులో ఎర్ర కలం ఉంది. 'వారం' కొట్టేసి పైన 'నెల' అని రాశాను. పక్కన సంతకం పెట్టబోతే, "నేనూ పెడతాను" అంది. పెట్టింది. కాగితం తీసుకుని, మడవకుండా, బీరువా మీద పెట్టి, దానిమీద ఇస్త్రీపెట్టె పెట్టింది.

ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నాకూ ఉన్నాయి. ఆ సంగతి కాసేపు మాట్లాడుకున్నాం. టీ ఇవ్వలేదు, నేను ఎదురుచూడలేదు. వస్తానని చెప్పి బయల్దేరాను.

కింద వీధిలోకి వచ్చాక చూసుకుంటే గొడుగు లేదు. మళ్ళీ మూడు అంతస్తులు ఎక్కాను. తలుపు తీసే ఉంది. ఆవిడ లోపల ఎక్కడో ఉంది. గొడుగు గుమ్మం పక్కనే ఉంది. తీసుకుని వచ్చేశాను.

తాత